సీడీ నుంచి స్ట్రీమింగ్ దాకా: మా హాల్లో స్టీరియో ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా పాడింది

ఈ ఎపిసోడ్ మా ఇంట్లోనే మొదలైంది, కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మా నాన్న దగ్గర ఒక స్టీరియో ఉంది. ఒక యాంప్లిఫయర్, రెండు పెద్ద చెక్క స్పీకర్లు, ఒక సీడీ ప్లేయర్. అల్మారాలో రెండు అరల నిండా సీడీలు. బాలమురళీకృష్ణ, మాండొలిన్ శ్రీనివాస్, ఘంటసాల, ఇళయరాజా, మధ్యలో ఎవరో అమెరికా నుంచి తెచ్చిచ్చిన రెండు జాజ్ డిస్కులు. పోయిన ఏడాది ఆ ప్లేయర్ డిస్కులు చదవడం మానేసింది. ఏది పెట్టినా కాసేపు గిరగిరా తిప్పి "నో డిస్క్" అంటుంది. కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాను. రిపేరు చేసే ఆయన మూత విప్పి చూసి, "లెన్స్ వీక్ అయిపోయింది సార్, ఈ పార్ట్ ఇప్పుడు రావట్లేదు. ఇంకా సీడీలెందుకు, బ్లూటూత్ పెట్టుకోండి" అన్నాడు.

సరే అని అదే చేశాను. చవకలో ఒక బ్లూటూత్ రిసీవర్ కొని యాంప్లిఫయర్‌కి తగిలించి, ఫోన్‌లోంచి పాట పెట్టాను. నాన్న రెండు నిమిషాలు విన్నారు. "ఏదో తేడాగా ఉందిరా" అని లేచి బయటికి వెళ్లిపోయారు.

పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాను. కానీ ఆ తర్వాత ఆయన స్టీరియో ఆన్ చేయడమే మానేశారు. రోజూ పొద్దున్నే కాఫీ టైమ్‌కి మోగే హాలు మూగబోయింది. అది చూశాక నాకు పట్టుదల వచ్చింది. అసలు ఆయన విన్న తేడా నిజమా, భ్రమా? నిజమైతే ఎక్కడ వచ్చింది? దానికోసం తవ్వుకుంటూ పోతే 40 ఏళ్ల చరిత్ర బయటపడింది. ఆ కథే ఇవాళ.

1970ల చివరికి వెళ్దాం. హాలండ్‌లో ఫిలిప్స్, జపాన్‌లో సోనీ. రెండూ విడివిడిగా, పాటను అంకెలుగా మార్చి లేజర్‌తో చదివే డిస్క్ మీద పని చేస్తున్నాయి. 1979 మార్చిలో ఫిలిప్స్ తన ఐంధోవెన్ ఊళ్లో నమూనా చూపించింది. ఆ తర్వాత రెండు కంపెనీల ఇంజనీర్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. వీడియో టేపుల్లో అప్పటికే ఒకరి ఫార్మాట్ ఇంకొకరి మెషీన్‌లో ఆడక జనం విసిగిపోయారు, పాటలకీ అదే గతి పట్టకూడదని. 1980కల్లా ఒప్పందం కుదిరింది. ఆ నియమాల పుస్తకం అట్ట ఎర్రగా ఉండేది, అందుకే దాన్ని "రెడ్ బుక్" అంటారు.

ఆ పుస్తకంలో ఉన్న అంకెలు మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు: 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అంటే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనీ 16 బిట్ల అంకెగా రాసుకోవడం. మరి 44,100 ఏంటి? 40,000 అనో 45,000 అనో గుండుసున్నాగా పెట్టుకోవచ్చు కదా?

ఇక్కడే నాకు భలే నచ్చిన విషయం ఉంది. మనిషి చెవికి వినబడేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా. దాన్ని పూర్తిగా పట్టుకోవాలంటే కనీసం అంతకు రెట్టింపు సార్లు కొలవాలని గణితం చెప్తుంది. కాబట్టి 40,000 పైన ఏదో ఒకటి కావాలి. ఆ రోజుల్లో అంత డేటాని దాచుకునే హార్డ్ డిస్కులు మామూలు స్టూడియోలకి దొరికేవి కావు. అందుకని ఇంజనీర్లు వీడియో టేప్ రికార్డర్‌ని వాడుకున్నారు. టీవీ బొమ్మలో గీతలుంటాయి కదా, ఒక్కో గీతలో మూడేసి కొలతలు దాచారు. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో ఒక ఫీల్డ్‌కి 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. 245 ఇంటూ 60 ఇంటూ 3. ఎంత? 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు. 294 ఇంటూ 50 ఇంటూ 3. మళ్లీ 44,100! రెండు వైపులా సరిపోయే అంకె దొరికింది, పట్టేసుకున్నారు. ఇవాళ మీ ఫోన్‌లో పాట సమాచారం తెరిస్తే కనిపించే 44.1 అనే అంకె, ఎప్పుడో మ్యూజియంకి పోయిన టీవీ టేపుల గుర్తు అన్నమాట.

డిస్క్ సైజు గురించి ఇంకో కథ ఉంది, ఇది ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది. ఫిలిప్స్ 11.5 సెంటీమీటర్లు చాలంది. సోనీ 12 కావాలంది. సోనీలో పెద్ద తలకాయ నోరియో ఓగా, ఆయన జర్మనీలో చదువుకున్న ఒపెరా గాయకుడు. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొత్తం ఒకే డిస్క్‌లో పట్టాలని ఆయన పట్టుబట్టాడనీ, అందుకే 74 నిమిషాలనీ చెప్తారు. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ టీమ్‌లో పనిచేసిన ఫిలిప్స్ ఇంజనీర్ కీస్ ఇమ్మింక్ తర్వాత రాసింది వేరు. ఫిలిప్స్ చేతికింద ఉన్న పాలీగ్రామ్ కంపెనీకి హానోవర్‌లో 11.5 సెంటీమీటర్ల డిస్కులు చేయగల ఫ్యాక్టరీ అప్పటికే ఉంది, సోనీకి లేదు. సైజు మార్చేస్తే ఇద్దరూ మళ్లీ ఒకే గీత దగ్గర నిలబడతారు. నాకైతే రెండోదే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. వ్యాపారంలో బీథోవెన్ పేరు సాధారణంగా తర్వాత వచ్చి చేరుతుంది.

1982 ఆగస్టు 17న హానోవర్ పక్కన లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో మొదటి సీడీలు అచ్చయ్యాయి. అవి అబ్బా బృందం ఆల్బమ్ 'ది విజిటర్స్'. అదే ఏడాది అక్టోబర్ 1న జపాన్‌లో సోనీ ప్లేయర్ సీడీపీ-101 అమ్మకానికి వచ్చింది. ధర 1,68,000 యెన్లు. 1985లో డైర్ స్ట్రెయిట్స్ బృందం 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' పది లక్షల సీడీలు అమ్ముడైన మొదటి ఆల్బమ్‌గా నిలిచింది.

సీడీ గొప్పతనం శుభ్రమైన శబ్దం ఒక్కటే కాదు. మనలో చాలామంది దాన్ని చొక్కాకి తుడిచి పెట్టినవాళ్లమే, గీతలు పడ్డా పాడేది. ఎందుకు? 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు, డేటాలో తప్పులొస్తే మిగతా అంకెల్ని బట్టి పోయిన అంకెను తిరిగి కట్టుకునే పద్ధతి ఒకటి కనిపెట్టారు. సీడీ దాన్ని వాడుకుంది. పాటను వరసగా కాకుండా చెదరగొట్టి రాస్తారు. రెండున్నర మిల్లీమీటర్ల మేర గీత పడి డేటా పూర్తిగా పోయినా, చెదిరిన ముక్కల్లోంచి దాన్ని బిట్ తేడా లేకుండా తిరిగి తయారు చేస్తుంది. మీ ఫోన్‌లో క్యూఆర్ కోడ్ కాస్త చిరిగినా స్కాన్ అవుతుంది చూశారా? అక్కడా రీడ్, సాలమన్‌ల లెక్కే పనిచేస్తుంది.

ఇదంతా బయటి కథ. మన దగ్గర? నిజాయితీగా చెప్పాలంటే మన ఇళ్లల్లో ఎక్కువ భాగం ఒరిజినల్ ఆడియో సీడీ దశను దాటేసి దూకేశాయి. క్యాసెట్ల నుంచి నేరుగా ఫుట్‌పాత్ మీద అమ్మే "150 సూపర్ హిట్స్" డిస్కుల్లోకి. అవి సీడీలే, కానీ లోపల ఉన్నది ఎంపీ3. లెక్క వేద్దాం. ఒక డిస్క్‌లో పట్టేది 700 ఎంబీ. సెకనుకి 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే అందులో సుమారు 12 గంటల పాటలు పడతాయి, అంటే ఐదేసి నిమిషాల పాటలు దగ్గర దగ్గర 150. అదే అసలు సీడీ పద్ధతిలో సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి, గంటా ఇరవై నిమిషాలే పడుతుంది. పదకొండో వంతుకి కుదించిన పాటని మనం "సీడీ క్వాలిటీ" అనుకుంటూ పెరిగాం. మా నాన్నలాగా నెలకొక ఒరిజినల్ డిస్క్ కొనేవాళ్లని చూసి చుట్టాలు నవ్వేవాళ్లు: "ఒక్క సినిమా పాటలకి అంతా?"

ఎంపీ3ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి చెవి పనితీరు మీద పని చేసి తయారు చేసిన పద్ధతి అది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం మనకి వినబడదు, కాబట్టి దాన్ని పారేయొచ్చు. మూలసూత్రం అంతే. ఆ కుదింపు ఎలా ఉందో చూడడానికి వాళ్లు మళ్లీ మళ్లీ పెట్టిన పాట సుజాన్ వేగా 'టామ్స్ డైనర్'. వాయిద్యం లేకుండా ఒక్క ఆడగొంతే, అందులో తప్పులు ఇట్టే దొరికిపోతాయి. 1995లో ఫైలుకి '.ఎంపీ3' అనే తోక ఖాయమైంది. 1999లో నాప్‌స్టర్ వచ్చింది. అప్పటి 56కె మోడెమ్ మీద ఐదు నిమిషాల సీడీ పాటని ఉన్నదున్నట్టు దించాలంటే రెండు గంటల పైన. 128 ఎంపీ3 అయితే పన్నెండు నిమిషాల లోపు. జనం ఏది ఎంచుకుంటారో చెప్పక్కర్లేదు. 2001లో ఐపాడ్, 2003లో ఐట్యూన్స్ స్టోర్. అక్కడ 99 సెంట్లు పెట్టి కొన్న పాట కూడా 128 కిలోబిట్లదే. డబ్బులిచ్చి, సీడీ కంటే తక్కువది కొనుక్కోవడం అక్కడ మొదలైంది.

హాల్లో స్టీరియో మూలన పడింది ఈ పదేళ్లలోనే. పాట చెవిలోకి వెళ్లిపోయింది. ఇంట్లో నలుగురూ ఒకే పాట వినే అలవాటు పోయింది.

అదే సమయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో పని జరుగుతోంది. జాష్ కోల్సన్ అనే ప్రోగ్రామర్ 2000లో ఒక కుదింపు పద్ధతి రాయడం మొదలుపెట్టాడు. అందులో ఏదీ పారేయరు. జిప్ ఫైల్‌లాగా చిన్నది చేసి, తెరిచినప్పుడు ఉన్నదున్నట్టు ఇస్తుంది. సైజు సగానికో, అరవై శాతానికో తగ్గుతుంది, అంతే. పేరు ఫ్లాక్. 2001లో మొదటి వెర్షన్ వచ్చింది, ఉచితంగా, ఎవరైనా వాడుకునేలా. ఇవాళ ప్రపంచంలో చాలావరకు లాస్‌లెస్ స్ట్రీమింగ్ దాని మీదే నడుస్తోంది. ఈ కథలో హీరో ఎవరని అడిగితే నేను ఆయన పేరే చెప్తాను, పెద్ద కంపెనీల పేర్లు కాదు.

అదే 2001లో కాలిఫోర్నియాలో షాన్ ఆడమ్స్ మొదలుపెట్టిన స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ ఒక డబ్బా అమ్మింది. అందులో డిస్క్ లేదు, హార్డ్ డిస్క్ లేదు. ఒక నెట్‌వర్క్ తీగ, ఒక చిన్న డిస్‌ప్లే. పాటలు పక్క గదిలో కంప్యూటర్‌లో ఉంటాయి, ఈ డబ్బా వాటిని తెచ్చి స్టీరియోకి ఇస్తుంది. 2003లో దాని తర్వాతి రూపానికి స్క్వీజ్‌బాక్స్ అని పేరు పెట్టారు. ఇవాళ మనం స్ట్రీమర్ అంటున్న వస్తువుకి ఇదే తాత. సీడీలన్నీ ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించి, డిస్కులు అటక మీద పెట్టేసి, సోఫాలో కూర్చుని రిమోట్‌తో ఏ పాటైనా పెట్టుకోవడం. ఇప్పుడు మీకు ఇందులో వింత ఏమీ లేదు. 2003లో అది మాయాబజార్.

ఖరీదైన ఆడియో ప్రపంచం దీన్ని మొదట బొమ్మలాగా చూసింది. స్కాట్లాండ్‌లో లిన్ అనే కంపెనీ ఉంది, 1970ల నుంచి ఎల్‌పీ12 అనే టర్న్‌టేబుల్‌కి పేరుపొందింది. ఎల్‌పీలు తిప్పుకునే కంపెనీ అందరికంటే వెనకబడుతుందని అనుకుంటాం. వాళ్లే 2007లో క్లైమాక్స్ డీఎస్ అనే నెట్‌వర్క్ ప్లేయర్ తెచ్చారు. 2009లో ఇక సీడీ ప్లేయర్లు తయారు చేయమని ప్రకటించేశారు. టర్న్‌టేబుల్ మాత్రం ఆపలేదు!

స్ట్రీమింగ్ సర్వీసులు వేరే దారిలో వచ్చాయి. 2008లో స్పాటిఫై మొదలైంది. వాళ్ల ఆలోచన క్వాలిటీ గురించి కాదు, దొంగ డౌన్‌లోడ్ కంటే సులభంగా ఉండాలని. చాలా ఏళ్లపాటు వాళ్ల అత్యధికం 320 కిలోబిట్లే. క్వాలిటీ జెండా పట్టుకున్నవి చిన్నవి: ఫ్రాన్స్‌లో కోబజ్, 2014లో వచ్చిన టైడల్. టైడల్‌లో ఎంక్యూఏ అనే గొడవ ఒకటి నడిచింది. హై రిజల్యూషన్ పాటను మడతపెట్టి చిన్న ఫైల్లో ఇస్తామన్నారు. పూర్తిగా విప్పడానికి లైసెన్సు ఉన్న యంత్రం కావాలి. స్వతంత్రంగా పరీక్షించినవాళ్లు అది ఉన్నదున్నట్టు ఇవ్వట్లేదని చూపించారు. 2023లో ఆ కంపెనీ ఆర్థికంగా కుప్పకూలింది, 2024లో టైడల్ దాన్ని వదిలేసి ఫ్లాక్‌కి మారింది. ఉచితంగా ఉన్న పాత పద్ధతి దగ్గరికే చివరికి అందరూ వచ్చారు.

అసలు మలుపు 2021. యాపిల్ మ్యూజిక్ జూన్‌లో లాస్‌లెస్ ఇచ్చింది, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా. అదే ఏడాది ఫిబ్రవరిలో స్పాటిఫై కూడా లాస్‌లెస్ ఇస్తామని మాటిచ్చింది. ఇచ్చింది ఎప్పుడు? 2025 సెప్టెంబర్‌లో. నాలుగున్నరేళ్లు. మన దగ్గర దీనికి రోడ్డు వేసింది మాత్రం 2016 సెప్టెంబర్‌లో జియో రావడం. సీడీ క్వాలిటీ ఫ్లాక్ గంటకి సుమారు 400 ఎంబీ తింటుంది. ఒకప్పుడు నెల ప్యాక్ అంత. ఇప్పుడు రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి మూడున్నర గంటల పైనే వస్తుంది.

సరే, 24 బిట్, 192 అంటే సీడీ కంటే అంత గొప్పగా వినబడుతుందా? ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్క్‌ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ నాణ్యతకి దించి ఒకసారి వినిపించారు. 554 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 276 సార్లు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. 2016లో జాషువా రైస్ అనే లండన్ ప్రొఫెసర్ అప్పటిదాకా జరిగిన 18 ప్రయోగాలని కలిపి చూస్తే 52.3 శాతం వచ్చింది. తేడా ఉందేమో, కానీ అంత సన్నగా. మేయర్, మోరన్ ఇంకో మాట కూడా అన్నారు, అది ఎవరూ గుర్తుపెట్టుకోరు: ఆ హై రిజల్యూషన్ డిస్కులు చాలావరకు మామూలు సీడీల కంటే నిజంగానే బాగా వినిపించాయి. కారణం అంకెలు కాదు, వాటిని శ్రద్ధగా మాస్టరింగ్ చేయడం.

అసలు విలన్ అక్కడ ఉన్నాడు. 1990ల నుంచి పాట ఎంత గట్టిగా వినిపిస్తే అంత ఆకట్టుకుంటుందని మెల్లని చోట్లని కూడా పైకి లేపి, మొత్తం ఒకే ఎత్తుకి నొక్కేయడం మొదలైంది. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' ఎంతగా నొక్కేశారంటే, అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో సీడీ కంటే శుభ్రంగా వినిపించాయని అభిమానులే గొడవ చేశారు. అలాంటి రికార్డింగ్‌ని 24 బిట్‌లో పెట్టినా 16లో పెట్టినా ఒరిగేది లేదు. ఘంటసాల సంగతి తీసుకోండి. ఆయన 1974లోనే పోయారు. ఆయన పాడిన ప్రతిదీ డిజిటల్‌కి ముందుదే. మన చేతికి వచ్చే నాణ్యత అంతా, ఏ టేపు నుంచి, ఎంత జాగ్రత్తగా ఎక్కించారన్నదాని మీదే ఉంటుంది. నిర్లక్ష్యంగా ఎక్కిస్తే హై రిజల్యూషన్‌లో మనకి అందేది టేపు బుసబుసలు మాత్రమే.

మరి మా నాన్న విన్న తేడా? ఇప్పుడు చెప్పగలను. యాప్‌లో క్వాలిటీ "ఆటోమేటిక్"లో ఉంది, మొబైల్ డేటా మీద అది కిందికి దించేసింది. ఆ కుదించిన పాటని ఫోన్ విప్పి, బ్లూటూత్ కోసం రెండోసారి కుదించింది. ఆ చవక రిసీవర్‌కి తెలిసింది ఎస్‌బీసీ ఒక్కటే, దాని బాగా పనిచేసే స్థాయే 328 కిలోబిట్లు. బ్లూటూత్‌లో గొప్పగా చెప్పుకునే ఎల్‌డాక్ కూడా 990 దగ్గర ఆగిపోతుంది, సీడీకి కావాల్సిన 1,411 కంటే తక్కువే. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు అన్ని శబ్దాల్నీ 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి కలుపుతాయి, వాట్సాప్ టింగుమనే చప్పుడుతో సహా. కాబట్టి మీరు లాస్‌లెస్ ప్లాన్‌కి డబ్బు కట్టి బ్లూటూత్‌లో వింటుంటే, ఆ డబ్బులో ఎక్కువ భాగం దారిలోనే కారిపోతోంది.

మంచి దారి ఏంటంటే ఫోన్‌ని రిమోట్‌గా మాత్రమే వాడడం. స్పాటిఫై కనెక్ట్, గూగుల్ కాస్ట్ లాంటివాటిలో ఫోన్ "ఈ పాట పెట్టు" అని చెప్తుంది, అంతే. స్టీరియో పక్కన ఉన్న డబ్బా వైఫైలో నేరుగా సర్వర్ నుంచి పాట తెచ్చుకుంటుంది. 2015లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో అని 35 డాలర్లకి ఇలాంటిదే ఇచ్చింది, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ దాకా. అంత చవకలో అంత మంచి వస్తువు మళ్లీ రాలేదని నా అభిప్రాయం. 2019 జనవరిలో ఆపేశారు. అప్పటికే కొన్నవాళ్లు వాడుకుంటూ ఉన్నారు. 2025 మార్చిలో ఒక ఆదివారం అవన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. పాడైపోయి కాదు. వాటిలోని డిజిటల్ సర్టిఫికెట్ గడువు పదేళ్లు, అది ఆ రోజుతో తీరింది! కొన్ని రోజులకి గూగుల్ సరిచేసింది అనుకోండి. కానీ ఒక్క ఆలోచన చేయండి. మా నాన్న సీడీ ప్లేయర్ లెన్స్ అరిగి ఆగిపోయింది. ఈ డబ్బా తేదీ మారి ఆగిపోయింది.

స్క్వీజ్‌బాక్స్‌కీ అలాంటి రోజే వచ్చింది. 2006లో లాజిటెక్ దాన్ని కొంది, 2012లో తయారీ ఆపేసింది, 2024 ఫిబ్రవరిలో ఆన్‌లైన్ సర్వర్‌నీ మూసేసింది. కానీ అవి ఇంకా పాడుతున్నాయి. ఎందుకంటే ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ ఓపెన్ సోర్స్. వాడేవాళ్లే దాన్ని చేతుల్లోకి తీసుకుని, లిరియన్ అని పేరు మార్చి నడుపుతున్నారు. మన దగ్గర వింక్ మ్యూజిక్ 2024లో మూతపడినప్పుడు, అందులో "డౌన్‌లోడ్" చేసుకున్న పాటలు ఏమయ్యాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పాటలు మన ఫోన్‌లో ఉన్నాయనుకున్నాం. ఉన్నది అద్దెకి.

అలాగని సీడీ శాశ్వతం అని కూడా నేను అనను. ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ 1988 నుంచి 1993 మధ్య చేసిన డిస్కులు చాలా వరకు లోపల తుప్పు పట్టి, ఇత్తడి రంగుకి తిరిగిపోయాయి. "జీవితాంతం చెదరని శబ్దం" అని అమ్మిన వస్తువు అది.

కాబట్టి మా ఇంట్లో రెండూ చేశాను. పాత ల్యాప్‌టాప్‌కి డిస్క్ డ్రైవ్ ఉంది. రోజుకి పది చొప్పున నాన్న సీడీలన్నీ ఫ్లాక్‌లోకి ఎక్కించాను. నెల పట్టింది. ఒక రాస్‌ప్‌బెర్రీ పై కొని, దానికి చిన్న డాక్ బోర్డు తగిలించి, లిరియన్ వేసి యాంప్లిఫయర్‌కి కలిపాను. మన దగ్గర లేని పాటలకి లాస్‌లెస్ స్ట్రీమింగ్, నేరుగా డబ్బాలోకి. ఫోన్ రిమోట్ మాత్రమే.

తర్వాత ఒక పరీక్ష పెట్టాను, మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఒకే పాట, ఫ్లాక్ ఒకటి, 320 ఎంపీ3 ఒకటి. శబ్దం ఎత్తు రెండింటికీ సమానం చేయాలి, ఇది ముఖ్యం, లేకపోతే గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. ఏది నడుస్తోందో చెప్పకుండా పదిసార్లు వినిపించాను. నాన్న ఆరు సరిగ్గా చెప్పారు. నేను ఐదు. ఆ తర్వాత ఫ్లాక్‌నీ పాత బ్లూటూత్ డబ్బానీ పెట్టాను, పదికి తొమ్మిది చెప్పారు. తప్పు చెప్పిన ఒక్కసారీ మా అమ్మ కుక్కర్ విజిల్ అడ్డొచ్చిందని ఆయన వాదన.

ఎక్కించిన డిస్కుల్లో ఏడు మాత్రం చదవలేదు. ఆరింటిని స్ట్రీమింగ్‌లో వెతికి పట్టుకున్నాను. ఏడోది ఒక కచేరీ రికార్డింగ్, ఎక్కడా లేదు. నాన్న దాన్ని మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి తుడిచి, రోజూ పొద్దున్నే ఒకసారి డ్రైవ్‌లో పెట్టి చూస్తున్నారు. మొన్న మూడో ట్రాక్ వరకూ వచ్చింది.